ఐసుముక్క నుంచి ఉప్పుగల్లు దాకా: వేడి పదార్థాన్ని ఏం చేస్తుందో ఇంట్లోనే చూసే పద్ధతి

ఘనం, ద్రవం, వాయువు అని ఏ పిల్లాణ్ణి అడిగినా గడగడా అప్పజెప్తాడు. ‘ఐసు కరుగుతున్నంతసేపూ థర్మామీటరు ఎందుకు కదలదు?’ అని అడగండి, నోరు తెరుచుకుని చూస్తాడు. స్టవ్ వెలుగుతూనే ఉంది, గిన్నెలోకి వేడి పోతూనే ఉంది, అయినా అంకె పెరగదు. మరి ఆ వేడంతా ఏమైనట్టు?

కింద చెప్పే పనులన్నీ ఆ కదలని అంకె చుట్టూ తిరిగేవే. అది తేలితే రొయ్యల లారీలో అంత ఐసు ఎందుకు పోస్తారో, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో నీళ్ళు మరగకుండానే ఎలా ఇగిరిపోతాయో, హోటలు వెనక గ్యాసు బండకి చెమటెందుకు పడుతుందో అన్నీ ఒక దారికొస్తాయి. హైస్కూలు చదివే పిల్లలున్న ఇంట్లోనైనా, లాబ్ బీరువా తాళం తీయని బడిలోనైనా చేసుకోవచ్చు. ఉప్పు ఆరే రోజులు తీసేస్తే, రెండు ఆదివారాల పని.

ముందు సామాను

అసలు కొనాల్సింది థర్మామీటరు ఒక్కటే. జ్వరం చూసేది పనికిరాదు. అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మరిగే నీళ్ళలో ముంచితే పగిలిపోతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో బడి సైన్సు సామాను అమ్మే కొట్టుకెళ్ళి, మైనస్ 10 నుంచి 110 డిగ్రీల దాకా గీతలున్నది ఇమ్మనండి. పాదరసానిది వద్దు, ఎర్ర ద్రవం ఉన్నది తీసుకోండి. పిల్లల చేతిలో ఎప్పుడో ఒకప్పుడు పగలక మానదు, పాదరసం ఆవిరి మంచిది కాదు. వీలైతే రెండు కొనండి, రెండోదానితో పని ఉంది.

మిగతావన్నీ ఇంట్లో ఉండేవే: మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె, గ్రాముల్లో చూపే త్రాసు, గడియారం, కొవ్వొత్తి, కొబ్బరినూనె, కర్పూరం బిళ్ళలు, ఉప్పు, చక్కెర, వెడల్పాటి పింగాణీ పళ్ళెం, ఒక నోటుబుక్కు. స్టవ్ దగ్గర పెద్దవాళ్ళు ఒకరు కదలకుండా ఉండాలి. మరిగే నీళ్ళకన్నా ఆవిరి ఇంకా ఘోరంగా కాలుస్తుంది, ఎందుకో మూడో మెట్టులో లెక్కతో సహా తెలుస్తుంది.

ఒకటో మెట్టు: థర్మామీటరునే పరీక్షించడం

చౌకరకం థర్మామీటర్లు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపుతాయి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, ఐసు మధ్య సందులు నిండేంత చన్నీళ్ళు పోయండి. బాగా కలిపి, థర్మామీటరు గుండు మధ్యలో ఉండేట్టు పట్టుకుని రెండు నిమిషాలు ఆగండి. సున్నా చూపాలి. ఒకటి చూపిందంటే మీది ఒక డిగ్రీ ఎక్కువ చెప్పే రకమని బుక్కులో రాసిపెట్టుకోండి. పారేయాల్సిన పని లేదు.

సెల్సియస్ 1742లో తన కొలతను పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవి ఈ రెండు చోట్లే, ఐసు కరిగేది, నీళ్ళు మరిగేది. కాకపోతే ఆయన మరిగేదానికి సున్నా, గడ్డకట్టేదానికి వంద పెట్టాడు, తర్వాతివాళ్ళు దాన్ని తిరగేశారు. పిల్లలకి ఈ సంగతి చెప్పి చూడండి, వాళ్ళకి భలే నచ్చుతుంది.

రెండో మెట్టు: ఐసుతో మొదలుపెట్టి నీళ్ళు మరిగేదాకా

మొత్తం పనికి గుండెకాయ ఇదే, తొందరపడొద్దు.

వంద గ్రాముల ఐసు తూచండి. గుడ్డలో మూటగట్టి పచ్చడిబండతో దంచి గిన్నెలో వేయండి. పెద్ద ముక్కలుగా ఉంటే అడుగున నీళ్ళు వేడెక్కుతుంటే పైన ఐసు అలాగే కూర్చుంటుంది, లెక్క చెడుతుంది. స్టవ్ సిమ్‌లో పెట్టండి. ఒకరు కలుపుతూ ఉండాలి, ఒకరు అర నిమిషానికోసారి అంకె చదవాలి, ఒకరు రాయాలి. థర్మామీటరు గుండు గిన్నె అడుగుకి తగలకూడదు. తగిలితే మీరు చదివేది నీళ్ళ వేడి కాదు, స్టీలు వేడి.

డీప్ ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు అయితే మైనస్ ఐదు, మైనస్ పది దగ్గర మొదలై సున్నాకి చకచకా వస్తుంది. అక్కడ ఆగుతుంది. ఐసు తరుగుతూ ఉంటుంది, నీళ్ళు పెరుగుతూ ఉంటాయి, అంకె మాత్రం సున్నా దగ్గరే. ఆఖరి పలుకు కరిగిపోయాకే అది కదులుతుంది. ఐసు ఉండగానే రెండు, మూడు డిగ్రీలు చూపిస్తోందంటే తప్పు సైన్సుది కాదు, కలిపేవాళ్ళ చెయ్యి ఆగింది, లేదా మంట ఎక్కువైంది.

ఇక్కడ స్టవ్ ఆపకుండానే పిల్లల్ని అడగండి, ఇంతసేపూ పోసిన వేడి ఎక్కడికి పోయిందని. వేడెక్కడానికి కాదు, విడిపోవడానికి ఖర్చయింది. ఐసులో నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వరసల్లో బిగుసుకుని ఉంటాయి. ఆ పట్టు వదిలించడానికే వచ్చిన వేడంతా సరిపోతుంది, వేగం పెంచడానికి ఏమీ మిగలదు. థర్మామీటరు చూపేది అణువుల వేగాన్నే, అందుకే అది కదలదు. ఇలా కనిపించకుండా పోయే వేడిని గుప్తోష్ణం అంటారు. స్కాట్లాండులో జోసెఫ్ బ్లాక్ 1760ల తొలి ఏళ్ళలో దీన్ని కొలిచి చూపించాడు.

రొట్టెల పండుగ రోజు నెల్లూరు స్వర్ణాల చెరువు చూసినవాళ్ళకి ఇది సులువుగా బోధపడుతుంది. కదలకుండా బిగుసుకున్న క్యూ ఘనం, చెరువు మెట్ల దగ్గర భుజాలు రాసుకుంటూ అటూ ఇటూ జరిగే జనం ద్రవం, పండుగ ముగిశాక నాలుగు దిక్కులకీ వెళ్ళిపోయేవాళ్ళు వాయువు. ఈ పోలిక ఒకచోట కుదరదు. క్యూలో ఉన్నవాళ్ళు గుంపుగా మారితే ఎక్కువ చోటు కావాలి, నీటికి మాత్రం ఐసుగా ఉన్నప్పుడే చోటు ఎక్కువ. అందుకే అది తేలుతుంది, ఒక ఘన సెంటీమీటరు ఐసు 0.917 గ్రాములే తూగుతుంది. నీళ్ళ సీసాని నిండుగా ఫ్రీజర్లో పెట్టి పగలగొట్టుకున్న ఇళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

ఐసు అంతా కరిగాక అంకె మళ్ళీ పరుగెత్తుతుంది, తొంభై దాటాక నిదానిస్తుంది, వంద దగ్గర రెండోసారి ఆగుతుంది. నెల్లూరు, ఒంగోలు, కావలి సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి మనకి వందే రావాలి. గిన్నె అడుగున ముందొచ్చే చిన్న బుడగలు నీటిలో కలిసి ఉన్న గాలివి, అవి మరగడం కాదు. పెద్ద బుడగలు పైదాకా వచ్చి చిట్లాలి. అప్పుడు మంట పెంచి చూడండి. తెర్లడం ఎక్కువవుతుంది, అంకె మాత్రం వంద దగ్గరే. పప్పు తెర్లు పట్టాక మంట పెద్దది చేస్తే త్వరగా ఉడుకుతుందనుకునే వంటవాళ్ళకి చూపించాల్సిన అంకె ఇది, గ్యాసు దండగ తప్ప ఇంకేం లేదు. కుక్కర్లో త్వరగా ఉడకడానికి కారణం వేరు. లోపల పీడనం పెరిగి మరగాల్సిన స్థానమే 120 దగ్గరికి జరుగుతుంది.

మూడో మెట్టు: లెక్క కట్టడం

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ కావాలి. సున్నా దగ్గరున్న ఒక గ్రాము ఐసుని సున్నా దగ్గరే నీరు చేయడానికి 80 కేలరీలు. ఆ నీటిని వందకి తేవడానికి 100. వంద దగ్గరున్న నీటిని వంద దగ్గరే ఆవిరి చేయడానికి 540. పుస్తకంలో జౌళ్ళలో ఉంటే కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు, కిలో నీరు ఆవిరవడానికి సుమారు 2,260 కిలోజౌళ్ళు.

అంటే మంట మార్చకుండా ఉంటే ఐసు కరగడానికి నాలుగు నిమిషాలు పట్టినచోట, నీళ్ళు సున్నా నుంచి వందకి రావడానికి ఐదు నిమిషాలు, అవన్నీ ఇగిరి గిన్నె ఎండడానికి ఇరవై ఏడు నిమిషాలు పట్టాలి. మీ గిన్నెకి కచ్చితంగా ఇంతే రాదు. వేడి కొంత గాలికి పోతుంది, మరగకముందే కొన్ని నీళ్ళు ఆవిరవుతాయి. మూడింట్లో చివరిదే మిగతా రెండిటికన్నా ఎన్నో రెట్లు పెద్దదన్నది మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. గిన్నె పూర్తిగా ఎండేదాకా పెట్టొద్దు, రెండు చెంచాల నీళ్ళుండగా ఆపేసి, ఎన్ని గ్రాములు పోయాయో తూచి లెక్క కట్టండి.

ఆవిరి కాల్పు సంగతి కూడా ఇందులోనే తేలింది. చేతి మీద పడ్డ ఒక గ్రాము ఆవిరి ముందు నీరుగా మారుతూ 540 కేలరీలు వదిలి, ఆ తర్వాత మరిగిన నీరు చేసే పని కూడా చేస్తుంది.

రొయ్యల ఐసుదీ ఇదే లెక్క. కొత్తపట్నం తీరంలోనో మైపాడు దగ్గరో చేపల బుట్టల్లో దంచిన ఐసు పరిచేది, చల్లగా ఉంటుందని మాత్రమే కాదు. సున్నా డిగ్రీల నీళ్ళు పోసినా ముందు చల్లగానే ఉంటుంది, కాసేపటికి వేడెక్కుతుంది. కిలో ఐసు కరిగేలోపు లాగే వేడి, కిలో నీళ్ళు సున్నా నుంచి 80 డిగ్రీలకి ఎక్కేలోపు లాగే వేడితో సమానం. పైగా ఆఖరి ముక్క ఉన్నంతవరకూ బుట్ట సున్నా దగ్గరే నిలుస్తుంది. రొయ్య ధర నిలబడేది ఆ కదలని అంకె మీదే.

ఆవిరి గురించి ఒక చిన్న పరిశీలన. కెటిల్ మూతి దగ్గర గమనిస్తే, మూతికి ఆనుకుని కాస్త మేర ఏమీ కనిపించదు, ఆ తర్వాతే తెల్లటి పొగలా ఉంటుంది. కనిపించని ఆ కాస్తే అసలు ఆవిరి. తెల్లగా కనిపించేది చల్లబడి మళ్ళీ సన్నటి నీటి తుంపరలైనది. మూత పైకెత్తితే కారే చుక్కలు ఇంకా చల్లబడినవి. దీన్నే సాంద్రీకరణం అంటారు.

నాలుగో మెట్టు: కొవ్వొత్తి, కొబ్బరినూనె, కర్పూరం

చిన్న గిన్నెలో కొవ్వొత్తి ముక్కలు వేసి, దాన్ని వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి కరిగించండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. ఇప్పుడు చల్లారుతుండగా అంకెలు రాయండి. నీటిలా ఒకేచోట గట్టిగా ఆగదు, యాభై అరవై మధ్య ఎక్కడో నెమ్మదించి జారుకుంటుంది. మైనం ఒక పదార్థం కాదు, రకరకాల పొడవులున్న అణువుల కలగలుపు. నెయ్యీ, కొబ్బరినూనే అంతే. శుద్ధమైన పదార్థమైతే కచ్చితమైన స్థానంలో కరుగుతుంది, కలగలుపైతే సాగదీస్తుంది. ఒక వస్తువు శుద్ధమైనదా కాదా అని రసాయన శాస్త్రవేత్తలు ఇప్పటికీ చూసే పరీక్షల్లో ఇదొకటి.

మైనం గడ్డకట్టాక మధ్యలో గుంట పడుతుంది. నీరు తప్ప మనకి తెలిసినవి చాలావరకు ఇలాగే గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. పక్కనే ఐసు ట్రేలో ఉబ్బిన గడ్డని పెట్టి చూపండి.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మన జిల్లాల్లో అది సీసాలో గడ్డకట్టాలంటే ధనుర్మాసం తెల్లవారుజాము దాకా ఆగాలి. అంత ఓపిక లేకపోతే ఫ్రిజ్ ఉంది.

కర్పూరం బిళ్ళని మూతలేని గిన్నెలో నాలుగు రోజులు వదిలేయండి, ముందూ వెనకా తూచండి. తడి లేదు, మరక లేదు, బరువు మాత్రం తగ్గింది. ఘనం నుంచి ద్రవం కాకుండానే వాయువైంది. ఇది ఉత్పతనం. హారతి పళ్ళెంలో మండే కర్పూరాన్ని దీనికి ఉదాహరణగా చెప్పకండి, చాలామంది చెప్తారు. అక్కడ కర్పూరం ఆవిరై, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మండిపోతోంది, అది రసాయన మార్పు.

ఐదో మెట్టు: మరగకుండా ఆవిరవడం, ఉప్పు మడి లెక్క

వంద డిగ్రీలకి రాకుండా నీరు ఆవిరి కాదనుకునే పిల్లలు చాలామంది ఉంటారు. తీగ మీద ఆరేసిన పంచె ఏ వంద డిగ్రీల్లో ఆరుతోంది?

రెండో థర్మామీటరు ఇప్పుడు తీయండి. ఒకదాని గుండుకి తడిగుడ్డ చుట్టండి, రెండోది పొడిగా ఉంచండి. రెండింటినీ నీడలో, ఫ్యాను గాలికి పెట్టండి. తడిది తక్కువ చూపుతుంది. గుడ్డలోంచి ఆవిరయ్యే నీరు తనకి కావలసిన గుప్తోష్ణాన్ని మంట లేదు కాబట్టి గుండు నుంచే లాక్కుంటోంది. మే నెలలో ఉదయగిరి వైపు పడమటి గాలి వీచే మధ్యాహ్నం ఈ తేడా పది డిగ్రీలు దాటినా వింత కాదు, అదే రోజు మైపాడు ఇసుకలో సముద్రపు గాలికి పెడితే తేడా బాగా తగ్గుతుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది కాబట్టి. కుండనీళ్ళు మెట్టలో చల్లబడినంతగా తీరంలో చల్లబడకపోవడానికి ఇదే కారణం, కుమ్మరిని తప్పు పట్టకండి.

గ్యాసు బండ సంగతీ ఇదే. లోపల ఉన్నది పీడనంతో ద్రవంగా మార్చిన గ్యాసు. ఊపితే తొణుకుతుంది. వాల్వు తెరిస్తే ద్రవం ఆవిరవుతూ బండ గోడల నుంచి వేడి లాగుతుంది, పెద్ద మంట చాలాసేపు వాడే హోటళ్ళలో బండ చల్లబడి బయట నీళ్ళు పడతాయి. దాన్ని వేడినీళ్ళలో పెట్టి ‘గ్యాసు బాగా వస్తది’ అనేవాళ్ళ మాట వినొద్దు, అది ప్రమాదం.

ఇక ఉప్పు. అల్లూరు దగ్గర ఇస్కపల్లిలో, సింగరాయకొండ వైపు బింగినపల్లిలో ఉప్పు పండించేవాళ్ళు పొయ్యి వెలిగించరు. ఎండ, గాలి, వెడల్పు, ఈ మూడే వాళ్ళ పెట్టుబడి. మీరూ అదే చేయండి:

లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కరిగించండి, సముద్రం ఉప్పదనం సుమారుగా అంతే. సగం పింగాణీ పళ్ళెంలో, సగం ప్లాస్టిక్ లోటాలో పోసి డాబా మీద ఎండలో పెట్టండి. పళ్ళెంలో పట్టనివి మిగిలితే, తగ్గినకొద్దీ పోస్తూ ఉండండి. స్టీలు పళ్ళెం వద్దు, ఉప్పు దాన్ని తింటుంది. పైన పలచటి గుడ్డ కట్టండి, లేకపోతే కాకులు, దుమ్ము. పళ్ళెంలోది లోటాలోదానికంటే ఎంత ముందు ఇగిరిందో రాయండి. ఆవిరవడం పైపొరలోంచే జరుగుతుంది, అందుకే మడుల్లో నీళ్ళు లోతుగా కాక పలచగా పరుస్తారు.

నీళ్ళు సగానికి వచ్చినా ఉప్పు కనిపించదు, నాలుగో వంతుకి వచ్చినా కనిపించదు. పిల్లలు విసుగుపడతారు. వంద గ్రాముల నీళ్ళు దగ్గర దగ్గర 36 గ్రాముల ఉప్పుని మోయగలవు. కాబట్టి లీటరుకి పదో వంతు మిగిలేదాకా గింజ పడదు. ఉప్పు మడుల్లో దీన్ని కళ్ళతో కాక బామే డిగ్రీలతో చూస్తారు, ఇవి వేడిని కాదు, ఉప్పునీటి చిక్కదనాన్ని చెప్పే డిగ్రీలు. సముద్రపు నీరు సుమారు మూడున్నర డిగ్రీలుంటుంది, 25 డిగ్రీల దగ్గర ఉప్పు పడడం మొదలవుతుంది. అంతకంటే ముందే జిప్సం అనే ఇంకో లవణం పడిపోతుంది, అందుకే నీళ్ళని ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ పోతారు. మరీ చివరిదాకా, 30 దాకా ఎండనిస్తే మెగ్నీషియం లవణాలు కూడా చేరి ఉప్పు చేదెక్కుతుంది, తేమ పీల్చి కారుతుంది. అందుకని ఆ మిగులు నీటిని బయటికి వదిలేస్తారు. మీ పళ్ళెంలో కొన్న ఉప్పే ఉంది కాబట్టి మీకు ఆ బెడద లేదు.

రెండూ పూర్తిగా ఎండాక గీరి, కలిపి తూచండి. 35 గ్రాములకి దగ్గరగా రావాలి. కరిగింది, కనిపించకుండా పోయింది, మళ్ళీ వచ్చింది, తరగలేదు.

ఇంకో పళ్ళేన్ని ఎండలో కాక నీడలో, గాలి తగలనిచోట పెట్టి వారాల తరబడి వదిలేయండి. నిదానంగా ఇగిరినచోట పలుకులు పెద్దవిగా, చదరపు పలకలతో వస్తాయి. చీమకుర్తి గ్రానైటు కూడా భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారి గట్టిపడ్డదే. తొందరపడి చల్లారి ఉంటే అందులో కంటికి కనిపించే పలుకులుండేవి కావు, నల్లటి రాతిలో మెరిసే ఆ బంగారు చుక్కలూ ఉండేవి కావు.

ఆరో మెట్టు: వెనక్కి రానివి

ఇప్పటిదాకా చూసినవన్నీ చల్లబరిస్తే తిరిగొచ్చేవి, కర్పూరం హారతి తప్ప. వేడి చేసే పని ఎప్పుడూ అంతటితో ఆగదు. కోడిగుడ్డు ఉడికితే గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా కరగదు. వేడికి ద్రవం ఘనమైందని ఒక గడుసు పిల్లాడు అంటాడు, మెచ్చుకుని సరిదిద్దండి. అక్కడ మారింది స్థితి కాదు, ప్రోటీన్ల నిర్మాణం. తీరంలో నత్తగుల్లలు కాల్చి గుల్ల సున్నం చేయడం పాతకాలం నుంచీ ఉన్న పని. బట్టీలో గుల్ల కరగదు, కార్బన్ డయాక్సైడుని వదిలేసి వేరే పదార్థంగా మిగులుతుంది. ‘కరిగితే భౌతిక మార్పు, కాలితే రసాయన మార్పు’ అని కంఠస్థం చేయించడం కంటే, చల్లబరిస్తే పాతది తిరిగొస్తుందా అని అడిగించడం మేలు. ఇందులోనూ మినహాయింపులున్నాయి, ఈ వయసుకి ఇది చాలు.

చక్కెరతో ముగించండి, ఎందుకంటే అది రెండు వైపులా ఉంటుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల చక్కెర వేసి సిమ్‌లో పెట్టండి. నీళ్ళు పోయొద్దు. 160 డిగ్రీలు దాటేసరికి కరుగుతున్నట్టే కనిపిస్తుంది, కానీ కరగడంతో పాటే విరిగిపోవడం కూడా మొదలవుతుంది. పసుపు, తేనెరంగు, గోధుమరంగు, ఘాటు వాసన, చివరికి పొగ. ఈ థర్మామీటరుని అందులో పెట్టకండి, 110కి మించి తట్టుకోదు. చిటికెడు చేతి మీద పడినా అంటుకుపోయి కాలుస్తుంది, పిల్లల్ని దూరంగా నిలబెట్టి చూపండి.

తేనెరంగులో ఉన్నప్పుడు ఒక చెంచా తీసి పళ్ళెంలో వేయండి, మిగతాది నల్లబడేదాకా ఉంచి ఆపండి. రెండూ బాగా చల్లారాక వేర్వేరు గ్లాసుల నీళ్ళలో వేసి కలపండి. మొదటిది గోధుమరంగు నీరై కరిగిపోతుంది, రుచి చూస్తే తీపిలో కాస్త చేదు. రెండోదాంట్లో అడుగున నల్లటి పొడి మిగులుతుంది, అది బొగ్గు, ఎంత కలిపినా నీళ్ళలో కలవదు. గిన్నెకి అంటుకున్నదాన్ని ముందు నీళ్ళు పోసి మరిగించండి, కరిగేదంతా వదులుతుంది. అప్పటికీ పట్టుకున్నది బొగ్గే కాబట్టి దానికి పీచు, బూడిద తప్పవు.